హద్దులు కలవని తరగతులు: పాత పట్టికలను కొత్త తరగతులలోకి మార్చడంలోని మెలకువలు

ఒకే గ్రామానికి చెందిన రెండు నేల విశ్లేషణ పట్టికలు మన ముందు ఉన్నాయనుకుందాం. మొదటిది నాలుగు దశాబ్దాల నాటిది. అందులో ఒండ్రు 14 శాతం. రెండవది ఇటీవలిది, అందులో ఒండ్రు 30 శాతం. బంకమన్ను మాత్రం రెండింటిలోనూ 22 శాతమే. ఈ సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధక విద్యార్థికి ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపడిన కథ సిద్ధంగా కనిపిస్తుంది. కాలువ నీటితో వచ్చిన మేట కావచ్చు, రైతులు తోలిన చెరువు మట్టి కావచ్చు, ఎగువ భూముల నుంచి కొట్టుకువచ్చిన సన్న మట్టి కావచ్చు. కారణాలు వెదకదలచినవారికి కారణాలు దొరకకపోవు. అయితే పట్టికల అడుగున చిన్న అక్షరాలలో ముద్రించిన గమనికను చదివితే విషయం వేరుగా తేలుతుంది. మొదటి పట్టిక అంతర్జాతీయ పద్ధతిలో తయారైనది. అందులో ఒండ్రు అంటే 0.002 నుంచి 0.02 మి.మీ. వరకు వ్యాసం గల రేణువులు. రెండవది అమెరికా వ్యవసాయ శాఖ పద్ధతిలోనిది. అందులో ఒండ్రు 0.05 మి.మీ. వరకు సాగుతుంది. నేల మారిందో లేదో ఈ రెండు సంఖ్యలు చెప్పలేవు. ఒండ్రు అనే మాటకు హద్దు మారిందని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

తరగతులుగా కూర్చిన దత్తాంశాన్ని వేరొక తరగతుల వరుసలోకి మార్చడాన్ని తరగతుల పునర్విభజన అనవచ్చు. సోపాన చిత్రంలో పాత మెట్లను చెరిపి, వేరే వెడల్పులతో కొత్త మెట్లను కట్టడం వంటిదిది. పాత హద్దులన్నీ కొత్త హద్దులతో కలిస్తే చిక్కేమీ లేదు. గడులను కలుపుకుంటూ పోతే చాలు. కొత్త హద్దు పాత గడి మధ్యలో పడినపుడే సమస్య మొదలవుతుంది. నేల రేణువులు, వారాల వర్షపాతం, మట్టి నమూనాల లోతులు, భూకమతాల విస్తీర్ణం — మన రంగంలో ఈ సమస్య ఎదురుకాని మూల లేదు. అయినా పరిశోధన పద్ధతుల పాఠాలలో దీనికి దక్కే చోటు అత్యల్పం.

ఒండ్రుకు ఎన్ని హద్దులు

స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ పేరుతో ముడిపడిన అంతర్జాతీయ పద్ధతిలో హద్దులు 2, 0.2, 0.02, 0.002 మి.మీ. ప్రతి హద్దూ దాని ముందున్న దానిలో పదవ వంతు. వీటి నడుమ ముతక ఇసుక, సన్న ఇసుక, ఒండ్రు, వాటికి దిగువన బంకమన్ను. పైపెట్ పద్ధతిలో విశ్లేషించిన మన పాత నివేదికలలో సాధారణంగా కనిపించేవి ఈ నాలుగు గడులే. అమెరికా పద్ధతిలో ఇసుక 0.05 నుంచి 2 మి.మీ. వరకు ఐదు ఉపతరగతులుగా ఉంటుంది. దాని దిగువన ఒండ్రు, ఆపైన బంకమన్ను. సాయిల్ టాక్సానమీని అనుసరించే నేటి సర్వేలు ఈ హద్దులనే వాడతాయి. నేల స్వరూప త్రిభుజం కూడా వీటి మీదే నిర్మితమైనది. బ్రిటన్ పద్ధతిలో ఒండ్రు పై హద్దు 0.06 మి.మీ. మన ఇంజనీర్లు వాడే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1498లో అది 0.075 మి.మీ. అంటే ఒకే కాలువ కింది ఆయకట్టులో నీటిపారుదల ఇంజనీరు చెప్పే ఒండ్రు, వ్యవసాయ శాస్త్రవేత్త చెప్పే ఒండ్రు ఒకటి కావు. బంకమన్ను హద్దు కూడా ఎల్లప్పుడూ స్థిరంగా లేదు. అమెరికా వ్యవసాయ శాఖ 1938కి ముందు దానిని 0.005 మి.మీ. వద్ద గీసేది.

ఒక మంచి సంగతి ఏమిటంటే, అంతర్జాతీయ పద్ధతికీ నేటి అమెరికా పద్ధతికీ 0.002, 2 మి.మీ. హద్దులు రెండూ ఉమ్మడివి. అందువల్ల ఆ రెండు పట్టికల మధ్య బంకమన్ను శాతాన్ని ఏ మార్పిడీ లేకుండా నేరుగా పోల్చవచ్చు. మన ఉదాహరణలో 22కు 22 సరిపోయింది. కాల క్రమంలో మార్పును గురించి ఏదైనా చెప్పదలచిన వారు మొదట చూడవలసిన గడి అది. విచిత్రమేమిటంటే మన విద్యార్థులు సాధారణంగా చివరకు చూసేది కూడా దానినే. మారని సంఖ్యలో కథ కనిపించదు కాబట్టి కాబోలు.

గడిలో నిలిచేది మొత్తం మాత్రమే

పాత నేల పట్టికను పూర్తిగా రాసుకుందాం: ముతక ఇసుక 24, సన్న ఇసుక 40, ఒండ్రు 14, బంకమన్ను 22 శాతం. దీనిని అమెరికా హద్దులకు మార్చాలంటే 0.02 నుంచి 0.2 మి.మీ. వరకు ఉన్న సన్న ఇసుక గడిని 0.05 వద్ద కోయాలి. ఆ 40 శాతంలో ఎంత భాగం కోతకు దిగువన ఉంది? పట్టిక ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. గడిలోకి ఎంత వచ్చిందో మాత్రమే అది దాచుకున్నది. ఆ గడి లోపల ఏ మూల ఎంత ఉన్నదో తూకం వేసిన నాడే చెరిగిపోయింది.

పదవ తరగతి గణితంలో వర్గీకృత దత్తాంశానికి మధ్యగతం కనుగొనే సూత్రాన్ని మనమందరం కంఠస్థం చేశాము. మధ్యగత తరగతి దిగువ హద్దుకు, ఆ తరగతి వెడల్పులో కొంత నిష్పత్తిని కలుపుతాము. అలా కలపడంలో ఒక ఊహ దాగి ఉంది: తరగతి లోపల అంశాలు ఆ చివర నుంచి ఈ చివర వరకు సమానంగా పరచుకొని ఉన్నాయని. సూత్రం కంఠస్థమైనంత సులువుగా ఆ ఊహ మన మనసుకు రాదు. పునర్విభజనలో మనం చేసేది కూడా సరిగ్గా అదే పని. హద్దుల వద్ద సంచిత శాతాలను రాసుకొని, కొత్త హద్దు వద్ద సంచిత శాతాన్ని అంతర్గణన ద్వారా సాధించి, వరుస విలువల తేడాలను తీసుకుంటే కొత్త గడులు వస్తాయి. ఈ మార్గంలో మొత్తం ఎప్పటికీ 100గానే నిలుస్తుంది. మొత్తం నిలిచినంత మాత్రాన లోపలి పంపకం సరియైనదని అర్థం కాదు.

మన నేలకు సంచిత శాతాలు ఇవి: 0.002 వద్ద 22, 0.02 వద్ద 36, 0.2 వద్ద 76, 2 వద్ద 100. వ్యాసాన్ని మామూలు కొలబద్ద మీద పెట్టి అంతర్గణన చేస్తే, సన్న ఇసుక గడి వెడల్పు 0.18 మి.మీ.లో 0.05 వరకు ఉన్న భాగం 0.03 మి.మీ., అంటే ఆరవ వంతు. అప్పుడు 40లో 6.7 శాతం ఒండ్రులోకి మారుతుంది, ఒండ్రు 20.7, ఇసుక 57.3 అవుతాయి. త్రిభుజంలో ఈ నేల శాండీ క్లే లోమ్. వ్యాసపు సంవర్గమానాన్ని కొలబద్దగా తీసుకుంటే అదే గడిలో 39.8 శాతం కోతకు దిగువన పడుతుంది. అప్పుడు ఒండ్రులోకి 15.9 వస్తుంది, ఒండ్రు 29.9, ఇసుక 48.1. ఇప్పుడు ఈ నేల లోమ్, అనగా గరప నేల. రెండు లెక్కలలోనూ మొత్తం 100కు సరిపోయింది, రెండింటిలోనూ కూడికలో తప్పు లేదు. నేల తరగతి మాత్రం మారింది.

ఊహలన్నీ పక్కన పెడితే ఖాయంగా తెలిసినదేమిటి? సన్న ఇసుకలో ఏమీ 0.05కు దిగువన లేకపోతే ఒండ్రు 14. అంతా దిగువనే ఉంటే 54. వాస్తవం ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంది. ఒక కొసన శాండీ క్లే లోమ్, నడుమ లోమ్, మరొక కొసన సిల్ట్ లోమ్. ఈ కొసలు అసంభవమైనంత దూరంగా కనిపించవచ్చు. అయినా పట్టిక మాత్రమే ఆధారమైనపుడు నిరూపితమైన హద్దులు అవే. ప్రతి మార్పిడిలోనూ ఈ కనిష్ఠ, గరిష్ఠ విలువలను ముందుగా రాసుకొనే అలవాటును నేను విద్యార్థులకు పట్టుబట్టి చేయిస్తాను. ఎంత భాగం కొలత, ఎంత భాగం ఊహ అన్నది ఆ రెండు సంఖ్యల మధ్య దూరాన్ని బట్టి తేటతెల్లమవుతుంది.

ఇది కాగితం మీది తగవు కాదు. మొక్కకు అందే తేమను నిలుపుకొనడంలో ఒండ్రు పాత్ర ఎంత పెద్దదో మనకు తెలుసు. నేల రేణువుల శాతాల నుంచి తేమ నిల్వ సామర్థ్యాన్ని అంచనా వేసే సమీకరణాలన్నీ ఈ సంఖ్యలనే మింగి, తడుల మధ్య వ్యవధిని ఉమ్ముతాయి. డ్రిప్ కింద ఉన్న మిరప రైతుకు రెండు రోజులకొక తడి అని చెప్పాలా, మూడు రోజులకొకటి చాలునని చెప్పాలా అన్నది ఈ ఒక్క కోత మీద మారిపోవచ్చు. చాలా సమీకరణాలు అమెరికా హద్దులతో రూపొందినవి. వాటిలోకి అంతర్జాతీయ పద్ధతి ఒండ్రును ఏ మార్పిడీ లేకుండా ఎక్కించినా కంప్యూటరు అభ్యంతరం చెప్పదు.

ఏ కొలబద్ద సరియైనది

నేల రేణువుల విషయంలో సంవర్గమాన కొలబద్దకే మొగ్గు చూపాలి. రేణువుల పరిమాణం కొన్ని వేల రెట్ల వ్యాప్తిలో ఉంటుంది. జల్లెడల వరుస కూడా గుణకార క్రమంలోనే తయారవుతుంది. మామూలు కొలబద్ద మీద 0.02 నుంచి 0.05 వరకు ఉన్న భాగం గడిలో ఇరుకైన మూల. సంవర్గమానంలో అది దాదాపు ఐదింట రెండు వంతులు. అయితే ఇది కూడా ఊహే. గాలి తూర్పారబట్టి పేర్చిన తీరప్రాంతపు ఇసుకలో రేణువులు ఒకే పరిమాణం చుట్టూ గుమిగూడి ఉంటాయి. అక్కడ ఈ పద్ధతి 0.05కు దిగువ భాగాన్ని ఎక్కువ చేసి చూపవచ్చు. నిదానంగా పారిన వరద నీరు వదలిన మేటలో దీనికి విరుద్ధంగా జరగవచ్చు. ఎర్ర చల్కకూ డెల్టా ఒండ్రు నేలకూ ఒకే నిష్పత్తిని వర్తింపజేస్తే ఒకచోట తప్పు ఎగువకు, మరొకచోట దిగువకు పోతుంది. ఆపైన ఆ రెండు ప్రాంతాలను పోల్చి చూస్తే, కనిపించే తేడాలో నేల భాగమెంతో, మన కత్తెర భాగమెంతో విడదీయలేము.

యూరప్ దేశాల నేలల సమాచారాన్ని ఒకచోట చేర్చిన హైప్రెస్ భాండాగారాన్ని రూపొందించేటప్పుడు సరిగ్గా ఇదే అడ్డంకి ఎదురైంది. ఒక్కొక్క దేశం ఒక్కొక్క హద్దు. నెమెస్, ఆయన సహచరులు 1999లో జియోడెర్మా పత్రికలో ప్రచురించిన పరిశోధనలో నాలుగు మార్గాలను పరీక్షించారు: సంవర్గమాన అంతర్గణన, గాంపెర్ట్జ్ వక్రం, స్ప్లైన్ వక్రం, సారూప్య పద్ధతి. చివరిది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే అది వ్యవసాయదారుని బుద్ధికి దగ్గరగా ఉంటుంది. హద్దు తెలియని నేలకు, అనేక హద్దుల వద్ద కొలతలున్న నేలల భాండాగారం నుంచి పోలికలు గల నేలలను ఎంచుకొని, వాటి వక్రం ఆ ప్రదేశంలో ఎలా నడిచిందో చూసి అరువు తెచ్చుకోవడం. వారి పరీక్షలో ఇదే మెరుగ్గా నిలిచింది. కొలిచిన హద్దులు దగ్గరగా ఉన్నచోట స్ప్లైన్ కూడా పనికివచ్చింది. దూరంగా ఉన్నచోట గణిత వక్రాలకు పట్టు సడలింది. మన సన్న ఇసుక గడి పదిరెట్ల వెడల్పు గలదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

స్ప్లైన్ వాడేవారికి ఒక హెచ్చరిక అవసరం. సాధారణ ఘన స్ప్లైన్ బిందువుల నడుమ పైకి ఉబికి, కిందికి జారవచ్చు; అప్పుడు సంచిత వక్రం ఒకచోట తగ్గి, కొత్త గడిలో రుణ శాతం ప్రత్యక్షమవుతుంది. మైనస్ రెండు శాతం ఒండ్రు గల నేల ఇంతవరకు ఏ పొలంలోనూ దొరకలేదు. ఏకదిశగా పెరిగే వక్రాన్ని ఇచ్చే ఫ్రిట్ష్–కార్ల్‌సన్ పద్ధతి 1980 నుంచి అందుబాటులో ఉంది. ఆర్ భాషలో స్ప్లైన్ గీసేటప్పుడు దానిని ఎంచుకొనే వీలుంది.

వీటన్నిటికన్నా నమ్మదగిన మార్గం మరొకటి ఉంది: కొలవడం. స్టోక్స్ సూత్రం ప్రకారం రేణువు కిందికి దిగే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలున్నపుడు 10 సెం.మీ. లోతుకు దిగడానికి 0.02 మి.మీ. రేణువుకు ఐదు నిమిషాలకు కొంచెం తక్కువ పడుతుంది, 0.05 మి.మీ. రేణువుకు అందులో ఆరింట ఒక వంతుకన్నా తక్కువ, సుమారు 45 సెకన్లు. అంత స్వల్ప వ్యవధిలో పైపెట్‌తో నమూనా తీయడం కష్టం. కాని 270 మెష్ జల్లెడ రంధ్రం 0.053 మి.మీ. కాబట్టి తడి జల్లెడతో ఆ పని సాఫీగా సాగుతుంది. పాత సర్వే నాటి మట్టి సీసాలు ఏ గదిలోనైనా భద్రంగా మిగిలి ఉంటే, వాటిలో 25 లేక 30 నమూనాలను మళ్లీ జల్లించి, సన్న ఇసుకలో 0.05కు దిగువ ఉన్న నిష్పత్తిని నేల శ్రేణుల వారీగా కొలవవచ్చు. ఆ నిష్పత్తి సగటు 0.45, ప్రామాణిక విచలనం 0.08 అని తేలిందనుకుందాం. అప్పుడు మన పాత పట్టికలోని ఒండ్రును 32 శాతంగా, దాని చుట్టూ 3.2 అనిశ్చితితో రాయగలము. 14 నుంచి 54 వరకు ఉన్న అగాధం ఆ మేరకు ఇరుకవుతుంది. ముప్పై సీసాలకు పట్టే శ్రమ ఒక విద్యార్థికి పది రోజులు.

వారాలు, కార్తెలు

వర్షపాతంలో ఈ సమస్య వేరొక వేషంలో వస్తుంది. వాతావరణ కేంద్రాలు సంవత్సరాన్ని 52 ప్రామాణిక వారాలుగా విభజించి లెక్కలు రాస్తాయి. రైతు మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటాడు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే కాలం కార్తె. 27 కార్తెలకు సంవత్సరాన్ని పంచితే ఒక్కొక్కదానికి సగటున పదమూడున్నర రోజులు. విస్తరణ శాస్త్రవేత్త ఈ రెండు కాలమానాల నడుమ దుబాసీ. మృగశిరలో ఎంత వర్షం పడుతుందని అడిగిన రైతుకు 24వ వారం సగటు చెప్పి ఊరుకోలేము.

ఒక సంవత్సరం మృగశిర జూన్ 8 నుంచి 21 వరకు ఉన్నదనుకుందాం. జూన్ 4 నుంచి 10 వరకు ఉన్న 23వ వారంలో చివరి మూడు రోజులు, 11 నుంచి 17 వరకు ఉన్న 24వ వారం పూర్తిగా, 18 నుంచి 24 వరకు ఉన్న 25వ వారంలో మొదటి నాలుగు రోజులు ఈ కార్తెలోకి వస్తాయి. వారాల మొత్తాలు వరుసగా 42, 14, 56 మి.మీ. అయితే రోజుల నిష్పత్తిలో పంచగా 18, 14, 32 కలిసి 64 మి.మీ. అవుతుంది. వర్షాధార పత్తి విత్తడానికి నేల బాగా తడిసేలా సుమారు 60 మి.మీ. పడాలని మనం చెప్పే సలహాకు ఇది సరిపోయింది. ఇప్పుడు రోజువారీ పుస్తకం తెరిచి చూస్తే, 23వ వారపు 42 మి.మీ. అంతా జూన్ 5 రాత్రి ఒకే ఉరుముల వానలో, 25వ వారపు 56 మి.మీ. అంతా జూన్ 23, 24 తేదీలలో పడి ఉండవచ్చు. అలాగైతే మృగశిర మొత్తం 14 మి.మీ. లెక్క నమ్మి పొడి దుక్కిలో వేసిన విత్తనం మొలకెత్తదు. మళ్లీ విత్తనాల ప్యాకెట్ల ఖర్చు, కూలి, గడిచిపోయిన అదను — అన్నీ రైతు ఖాతాలోనే.

తొలకరి వాన రోజులకు సమానంగా పంచుకొని పడదు. ఈ సంగతి తెలియనివారు ఎవరూ లేరు. అయినా ఏడుతో భాగించేటప్పుడు మరచిపోతాము. లీపు సంవత్సరంలో 9వ వారానికి, ప్రతి సంవత్సరం 52వ వారానికి ఎనిమిది రోజులున్న సంగతి కూడా అలాగే మరుగున పడుతుంది.

ముప్పై ఏళ్ల సగటు కావాలంటే నిష్పత్తి పద్ధతి అంత చెడ్డది కాదు. కుంభవృష్టి ఒక ఏడు హద్దుకు ఇటు, మరొక ఏడు అటు పడి, తప్పులు చాలావరకు ఒకదానినొకటి కొట్టివేస్తాయి. రైతుకు కావలసింది సగటు కాదు, సంభావ్యత. పది ఏళ్లలో ఎన్నిసార్లు మృగశిరలో 60 మి.మీ. దాటుతుందన్న ప్రశ్న వద్ద ఈ పద్ధతి గట్టిగా మోసం చేస్తుంది. రోజువారీ వర్షాలు పరస్పర స్వతంత్రమనీ, అన్ని రోజుల విస్తృతి సమానమనీ సరళంగా అనుకుందాం. 14 రోజుల నిజమైన మొత్తానికి విస్తృతి ఒక రోజు విస్తృతికి 14 రెట్లు. నిష్పత్తితో కూర్చిన అంచనాలో 23వ వారం నుంచి 9/7, నడిమి వారం నుంచి 7, 25వ వారం నుంచి 16/7 రెట్లు వచ్చి మొత్తం 10.6 రెట్లే అవుతుంది. విస్తృతిలో దాదాపు నాలుగవ వంతు కంటికి కనబడకుండా పోయింది. బాగా ఎండిన మృగశిరలు, బాగా తడిసిన మృగశిరలు రెండూ నడుమకు జరిగి, కాలం ఉన్నదానికన్నా నెమ్మదస్తురాలిగా కనిపిస్తుంది. వాతావరణ బీమా పరిమితులను ఇటువంటి పట్టికల నుంచి నిర్ణయిస్తే ఆ నెమ్మదితనం పరిహారపు లెక్కలోకి నేరుగా దిగుతుంది.

ఒకసారి మార్చిన పట్టికను తిరిగి మార్చబోవడం మరింత హానికరం. మన 64 మి.మీ. కార్తె మొత్తాన్ని మళ్లీ వారాలకు పంచితే 24వ వారానికి 32 వస్తుంది. అసలు అక్కడ కొలిచినది 14. ప్రతి మార్పిడి పట్టికను ఇంకొంచెం చదును చేస్తుంది. అందుచేత మార్చిన పట్టికతో పాటు మూల పట్టికను ఎప్పుడూ భద్రపరచాలి. రోజువారీ దత్తాంశం దొరికే చోట వారాల మొత్తాల నుంచి కార్తెలను లెక్కించడానికి ఏ సాకూ చెల్లదు.

పంచవలసినవి, పంచకూడనివి

రాశి ఏ జాతిదో చూడకుండా పంచడం మరొక సాధారణ దోషం. వర్షపాతపు మొత్తం పంచదగినది. ఉష్ణోగ్రత పంచదగినది కాదు. వారపు సగటు 31 డిగ్రీలైతే మూడు రోజుల భాగానికి 13.3 డిగ్రీలు కాదు, 31 డిగ్రీలే. రోజుల సంఖ్యను భారంగా వేసి సగటు తీయాలి. వారంలోని గరిష్ఠ ఏకదిన వర్షపాతాన్ని పంచనూ కూడదు, సగటూ తీయకూడదు. 2.5 మి.మీ. లేదా అంతకు మించి వాన పడిన రోజును వర్షపు రోజు అంటాము. వారంలో ఒకే వర్షపు రోజు ఉంటే దానిలో ఏడింట మూడు వంతులు మృగశిరకు రాయడం అంచనాగా చెల్లుతుంది కాని గణనగా చెల్లదు.

లోతుల విషయంలో ఇదే భేదం మరింత ముఖ్యం. పాత సారవంతతా సర్వేలు 0–15 సెం.మీ. పొరను, పెడాన్ వివరణలు సహజ పొరలను, గ్లోబల్‌సాయిల్‌మ్యాప్ ప్రమాణాలు 0–5, 5–15, 15–30, 30–60, 60–100, 100–200 సెం.మీ. పొరలను వాడతాయి. సేంద్రియ కర్బన శాతం సాంద్రత వంటి రాశి; హెక్టారుకు టన్నుల కర్బనం మొత్తం వంటి రాశి. ఒకదాని నుంచి మరొకదానికి పోవాలంటే స్థూల సాంద్రత తప్పనిసరి. బిషప్, మెక్‌బ్రాట్నీ, లాస్లెట్ 1999లో వివరించిన సమవైశాల్య స్ప్లైన్ ప్రతి పొర సగటునూ కాపాడుతూ లోతు వెంట నునుపైన వక్రాన్ని ఇస్తుంది. మార్పిడికి అది తగిన సాధనం. అయితే దుక్కి పొర కింద కర్బనం ఒక్కసారిగా పడిపోయే నేలలో నునుపుతనం కూడా ఒక ఊహే. నాగలి గీసిన గట్టును స్ప్లైన్ ఎరుగదు.

లెక్కకు అందే కమతాలు

అంశాలను లెక్కించిన పట్టికలలో రెండు అదనపు జాగ్రత్తలు కావాలి. మొదటిది, ఒకే పాత గడిని రెండుగా చీల్చగా వచ్చిన సంఖ్యలు స్వతంత్రమైనవి కావు. రెండూ ఒకే లెక్కకు పుట్టిన కవలలు. వాటిని రెండు వేర్వేరు పరిశీలనలుగా భావించి కై-వర్గ పరీక్షలో పెడితే లేని స్వాతంత్ర్య పరిమితి ఒకటి చేరి, లేని సార్థకత కనిపిస్తుంది. గడులను చీల్చి సమాచారాన్ని పెంచలేము. కనుక పరీక్షలు చేయవలసి వస్తే రెండు పట్టికలకూ ఉమ్మడిగా ఉన్న హద్దుల వరకు గడులను కలిపి, ఆ ముతక పట్టిక మీదనే చేయాలి.

రెండవది, మనుషులు చెప్పే సంఖ్యలు గుండ్రని చోట్ల పోగుపడతాయి. వ్యవసాయ గణనలో కమతాల తరగతుల హద్దులు 1, 2, 4, 10 హెక్టార్లు. గ్రామ రికార్డులు తెలంగాణలో ఎకరాలు, గుంటలలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాలు, సెంట్లలో ఉంటాయి. రెండు హెక్టార్లంటే 4.94 ఎకరాలు. ఒక గ్రామంలో రెండున్నర ఎకరాలకు పైన, ఐదు ఎకరాల వరకు ఉన్న తరగతిలో వంద మంది ఉన్నారనుకుందాం. సమాన పంపకం ప్రకారం 4.94 ఎకరాలు దాటినవారు ఇద్దరో ముగ్గురో ఉండాలి. వారు మాత్రమే చిన్న రైతుల గడి నుంచి సెమీ మీడియం గడికి పోతారు. కాని భూమి పంపకాలలో సరిగ్గా ఐదు ఎకరాలు వచ్చినవారు ముప్పై మంది ఉంటే, ఐదు ఎకరాలు 2.02 హెక్టార్లు కాబట్టి, ఆ ముప్పై మందీ హద్దు దాటుతారు. హద్దుకు అటు ఇటు ఉండే వెంట్రుకవాసిలో గడిలోని మూడవ వంతు జనం నిలబడి ఉన్నారన్నమాట. 2019 ఫిబ్రవరిలో పి.ఎం. కిసాన్ పథకం మొదలైనపుడు అర్హత పరిమితి రెండు హెక్టార్లే. అదే సంవత్సరం ఆ పరిమితిని తొలగించారు. నడుమ నెలలలో ఒక గ్రామంలో అర్హులెందరని ఎకరాల పట్టిక నుంచి నిష్పత్తితో అంచనా వేసిన లెక్క, రెండు హెక్టార్లను ఐదు ఎకరాలుగా చదివిన లెక్క, 4.94గా చదివిన లెక్క మూడు వేర్వేరు సంఖ్యలను ఇచ్చి ఉండేవి.

ఇటువంటి చోట ఏ స్ప్లైనూ ఆదుకోదు. ఎకరాల పట్టికను హెక్టార్ల తరగతులలోకి మార్చే ముందు, ఆ ఊరి పహాణీలోనో అడంగల్‌లోనో సరిగ్గా ఐదు ఎకరాలు, సరిగ్గా రెండున్నర ఎకరాలు రాసి ఉన్న ఖాతాలు ఎన్నో ఎంచి చూడాలి. అందుకు ఒక పూట చాలు.